ఫోటోలో ఉన్న పడవ గారికి

అయ్యా పడవ గారూ,

నమస్కారం. మీరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. ఫోటోలో మీకు అలలు రావు, ఎండ ఎప్పుడూ సాయంత్రం ఐదున్నర ఎండే, పైడెక్ మీద పరిచిన తెల్లటి పరుపుల పక్కన ఒక్క తడి తువ్వాలు కూడా ఆరేసి ఉండదు. ఇండోనేషియాలోని సొరోంగ్ రేవులో నన్ను ఎక్కించుకున్నది బహుశా మీ అన్నగారు అయి ఉంటారు. పేరు మీదే, పోలికలు కూడా ఉన్నాయి, కాకపోతే ఆయనకి వయసు మీద పడింది.

నేనెవరంటే, మారతహళ్లిలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్న గుంటూరు వాణ్ని. సముద్రం లేని బెంగళూరులో ఈతకొలనులో కూర్చుని స్కూబా, అంటే వీపున గాలి ట్యాంకుతో నీటి అడుగున తిరగడం, నేర్చుకుని, తర్వాత ఉప్పునీళ్లు తాగి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ని. పోయిన ఫిబ్రవరిలో వెబ్‌సైట్‌లో మీ ఫోటో చూసి, పడవలోనే తింటూ పడుకుంటూ సముద్రంలో డైవ్‌లు చేసే యాత్రకని తొమ్మిది రాత్రులకి డబ్బు కట్టినవాణ్ని.

ఫోటోలు చూసి మోసపోవడం నాకు కొత్తేమీ కాదు లెండి. పెళ్లైన కొత్తలో బెళ్లందూరులో 'లేక్ వ్యూ' అంటే నమ్మి ఫ్లాట్ తీసుకున్నాను. మేం చెరువుని చూడ్డం సంగతి అటుంచి, చెరువే నురగై రోడ్డు మీదకి ఎగిరొచ్చి మమ్మల్ని చూసిపోయేది, తర్వాత్తర్వాత దానికి నిప్పు కూడా అంటుకుంది. అంత జరిగినా బుద్ధి రాక, మీ 'ఓషన్ వ్యూ మాస్టర్ సూట్' అనే మాటకి పడిపోయాను. నడిసముద్రంలో పడవ మీద ఓషన్ వ్యూ లేని చోటు ఎక్కడుంటుందండీ?

ఇక్కడో విచిత్రం చెప్పాలి. శుక్రవారం రాత్రి మడివాళలో గుంటూరు స్లీపర్ బస్సు ఎక్కేటప్పుడు నాకున్నంత తెలివి ఇంకెవరికీ ఉండదు. వెనక చక్రం మీద బెర్తు వద్దు, ఆఖరి వరస అసలే వద్దు, పై బెర్తు అయితే మలుపు మలుపుకీ ఊగుతుంది, మధ్యలో కింద బెర్తు దొరికితే ఆ వారం కలిసొచ్చినట్టే. ఊరికి పోయే టికెట్‌కి ఇంత లెక్క చూసే మనిషిని, మీ దగ్గరికొచ్చేసరికి పైడెక్‌లో, అదీ ముందువైపు, రెండు పెద్ద కిటికీలున్న గదిని ఏరికోరి తీసుకున్నాను. పడవకీ అదే లెక్క, ఎత్తుకి పోయినకొద్దీ, చివరలకి జరిగినకొద్దీ ఊపు ఎక్కువ. వెనకాల ఇంజన్, జనరేటర్ల రొద. ముందువైపు ముక్కు అలల మీద లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది, దానితోపాటు కడుపులో ఉన్న రాత్రి భోజనం కూడా. పైగా లంగరు గొలుసు ఉండేది కూడా ఆ ముక్కు దగ్గరే. మిసూల్ దీవి వైపు రాత్రంతా ప్రయాణం చేసి నాలుగున్నరకి లంగరు వేశారు చూడండి, నా దిండు కింద ఎవరో పాత ఇనుము లారీలోంచి దింపుతున్నారేమో అనుకున్నాను.

మా బావమరిది కింది డెక్‌లో, పడవకి సరిగ్గా మధ్యలో ఉన్న గది తీసుకున్నాడు. పళ్లెమంత గుండ్రటి కిటికీ. మీ వెబ్‌సైట్‌లో దానికి ఫోటో కూడా లేదు, అందుకే అన్నిటికంటే చవక. వాడు పొద్దున ఏడు గంటల డైవ్‌కి మొహం కడిగిన తామరపువ్వులా వచ్చి, "బావా, రాత్రి నిద్ర పట్టినట్టు లేదే?" అని రోజూ అడిగేవాడు. ఆ పరామర్శ కోసం నేను వాడికంటే ఆరు వందల డాలర్లు ఎక్కువ కట్టాను.

మీ వంశం గొప్పది, అందులో అనుమానం లేదు. ఫినిసి జాతి వారు. దక్షిణ సులవేసి తీరంలో ముందు పలకలు కూర్చి, ఆ తర్వాత లోపల పక్కటెముకలు బిగించి కట్టే పడవలు, ఆ పనితనాన్ని 2017లో యునెస్కో కూడా తన జాబితాలో చేర్చుకుంది. ఆ చేతులకి దండం పెడతాను. కానీ ఫోటోలో రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఆ తెరచాపల్ని తొమ్మిది రోజుల్లో ఒక్కసారే ఎత్తారు, డ్రోన్ ఎగిరిన పావుగంట సేపు. డ్రోన్ దిగగానే అవీ దిగాయి, మిగతాదంతా డీజిలే. రాత్రిళ్లు కిర్రుకిర్రుమనడం మాత్రం మీ తప్పు కాదు, చెక్క అన్నాక అలాగే ఉంటుంది.

సముద్రాన్ని ఒక్క మాట అనను. మీరు మమ్మల్ని తిప్పిన ఆ దీవుల్ని రాజా అంపట్ అంటారు, వాళ్ల భాషలో నలుగురు రాజులని అర్థమట, వైగేయో, బటాంటా, సలావతి, మిసూల్ అని నాలుగు పెద్ద దీవులు. కేప్ క్రి అనే చోట జెరాల్డ్ ఆలెన్ అనే చేపల శాస్త్రవేత్త 2012లో ఒక్క డైవ్‌లో 374 జాతుల చేపల్ని లెక్కపెట్టాడు. అదే చోట నేను ప్రవాహానికి ఎదురీదలేక రాయి పట్టుకుని వేలాడుతూ ఓ పదిహేను లెక్కపెట్టి ఉంటాను. సరదా తీరింది, ఎంత తీరిందంటే ఇవాళ్టికీ ఆఫీసు మీటింగుల్లో మధ్యమధ్యలో అక్కడికే పోతుంటాను.

అందుకే కదా బాధ. రోజుకి మూడు డైవ్‌లు, పైన రాత్రి డైవ్ ఒకటి. ఈ డైవ్‌కీ ఆ డైవ్‌కీ మధ్య తినాలి, పడుకోవాలి, అంతే, వేరే జీవితం ఉండదు. అలాంటి చోట సుఖమంటే ఏమిటో మీ అలంకరణ చేసినవాళ్లకి తెలిసినట్టు లేదు. తడిసిన వెట్‌సూట్ ఆరేసుకోవడానికి గాలి తగిలే కర్ర ఒకటి కావాలి. ట్యాంకు వీపుకి తగిలించుకునేటప్పుడు కూర్చోడానికి బల్ల, నెత్తిన నీడ కావాలి. డైవ్ డెక్ మీదే ఒక మరుగుదొడ్డి ఉండాలి, ఇది ఎంత ముఖ్యమో బిగుతు సూట్ వేసుకుని మెట్లెక్కినవాడికే తెలుసు. ఇరవై మందికి ఎన్ని రబ్బరు పడవలు, ఒక్కో గైడ్ వెనక ఎంతమంది? మీరు ఇవేవీ చెప్పలేదు, జకూజీ అనే వేడినీళ్ల తొట్టి ఉందని మాత్రం మూడు చోట్ల చెప్పారు. ఆ జకూజీలో మూడో రోజు నుంచి మీ సిబ్బంది వెట్‌సూట్లు నానబెట్టారు. నిజం చెప్పాలంటే ఆ పడవలో నాకు బాగా ఉపయోగపడ్డ సదుపాయం అదే.

డబ్బు సంగతి ఎక్కువ సాగదీయను. బెంగళూరు ఇంటి ఓనర్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చని ఒక నెల అద్దె కోసుకుంటాడు, మీరు ఎక్కేటప్పుడే కోసుకున్నారు. పార్కు రుసుము, రేవు రుసుము, ఇంధనం సర్‌చార్జి, నైట్రాక్స్‌కి విడిగా. నత్రజని తక్కువుండే ఆ గాలి రోజుకి నాలుగు సార్లు మునిగేవాడికి అవసరమే, కడతాను, కానీ 'అన్నీ కలిపి' అని పెద్దక్షరాల్లో రాసిన చోటే దాన్ని కూడా రాయొచ్చు కదా.

ఇప్పుడు అసలు సంగతి. రెండో రోజు మా బావమరిది గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే అడిగాను, "ఒరేయ్, రాత్రి ఏదైనా అయితే ఎటు నుంచి బయటపడతావు?" మెట్లు చూపించాడు. ఆ మెట్లకే మంట అంటుకుంటే? ఇద్దరం వెతికాం. నడవా చివర ఇంకో దారి ఉంది, పైకి తోసి తెరిచే తలుపు. తోశాం. అది కదల్లేదు. పైకెళ్లి చూస్తే దాని మీద లైఫ్ జాకెట్ల మూటలు పేర్చి ఉన్నాయి.

పడవ గారూ, మీ బంధువుల్లో కన్సెప్షన్ అని ఒకావిడ ఉండేది, కాలిఫోర్నియాలో. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున నిప్పంటుకుని, కింది డెక్‌లో పడుకున్న 34 మంది చనిపోయారు. కింద నుంచి రావడానికి రెండు దారులూ ఉన్నాయి, కానీ రెండూ తేలేది పైనున్న ఒకే గదిలోకి, మంటలు ఉన్నది కూడా ఆ గదిలోనే. రాత్రంతా తిరుగుతూ కాపలా కాయాల్సిన మనిషి లేడని విచారణలో తేలింది. మాకిది ఎక్కడో అమెరికా కబురులా అనిపించదు. 2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు పాలెం దగ్గర తగలబడి 45 మంది పోయారు. అప్పటి నుంచి మా ఆవిడ బస్సెక్కగానే దుప్పటి కంటే ముందు అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూస్తుంది. నేను మాత్రం మీ పడవ ఎక్కి ముందు వైఫై చూసుకున్నాను.

అలాగని పైగదే మేలని కాదు. కింద మధ్య గదిలోనే నిద్ర, ఆ నిద్రకి రెండో దారి కావాలి, అది వేరే చోట తేలాలి, దాని మీద మూటలు ఉండకూడదు. కెమెరాల బ్యాటరీలు, టార్చిలైట్లు ఛార్జింగ్ పెట్టే చోట రాత్రి ఒక మనిషి మెలకువగా ఉండాలి. ఇంతకుమించి నాకు లగ్జరీ అక్కర్లేదు, జకూజీ ఎండబెట్టేసినా సరే.

ఈ ఫిబ్రవరికి మళ్లీ రావాలనుంది. మా బావమరిది అయితే బ్యాగు సగం సర్దేశాడు కూడా. అందుకే ఈసారి ఫోటోలు పక్కన పెట్టి మీ బుకింగ్ ఆఫీసుకి నాలుగు ప్రశ్నలు రాశాను, గది ఎక్కడ, రెండో దారి ఎక్కడ తేలుతుంది, రాత్రి కాపలా ఎవరు, ఛార్జింగ్ ఎక్కడ అని. రెండు రోజుల్లో జవాబు వచ్చింది, అందుకు మెచ్చుకోవాలి. పాత డ్రోన్ ఫోటో జతచేసి, "కంగారు పడకండి సార్, మా పడవ పూర్తిగా సురక్షితం, ఈసారి మీకు మసాజ్ ఉచితం" అన్నారు.

మసాజ్ ఎక్కడ చేస్తారని అడిగాను. లైఫ్ జాకెట్లు తీసేసి, ఆ చోటే ఖాళీ చేయించి బల్ల వేయించారట.

ఇట్లు,
ఇంకా అడ్వాన్స్ కట్టని మీ పాత ప్రయాణికుడు,
మారతహళ్లి, బెంగళూరు