జీఎం విత్తనాలపై ఆ మెసేజ్: అబద్ధమెంత, అది వదిలేసిన నిజమెంత

పత్తి గింజలు పెట్టే రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, ఒక పొడుగాటి మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: జన్యుమార్పిడి (జీఎం) విత్తనం దాచుకుంటే మొలకెత్తదు, కంపెనీలు గింజను గొడ్డు చేసేశాయి. బీటీ అంటే విషం, వరంగల్‌లో గొర్రెలు ఆ ఆకు తినే చచ్చాయి. గింజల్లేని పుచ్చకాయ, గట్టి టమాటా, రెడ్ లేడీ బొప్పాయి అన్నీ జీఎం సరుకే. వీటిని అడిగే నాథుడు ఈ దేశంలో లేడు. చివర్లో 'పది మందికి పంపండి' ఎలాగూ ఉంటుంది.

ముందు మొలక సంగతి. దాచుకున్న గింజ మొలకెత్తకుండా చేసే టెర్మినేటర్ టెక్నాలజీ గాలి కబురేమీ కాదు. 1998లో అమెరికా వ్యవసాయ శాఖ, డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే విత్తన కంపెనీ కలిసి దానికి పేటెంట్ తీసుకున్నాయి. ఆ ఏడాదే కర్ణాటకలో రైతు సంఘాల వాళ్లు ప్రయోగాల కోసం వేసిన బీటీ పత్తి చేలను తగలబెట్టారు. మరుసటి ఏడాది అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటో ఆ టెక్నాలజీని వాడబోమని ప్రకటించింది. ఈ రోజు వరకు ఏ దేశంలోనూ అలాంటి విత్తనం అమ్మకానికి రాలేదు. మన దగ్గరైతే 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం అలాంటి రకాన్ని రిజిస్టర్ చేయడానికే ఒప్పుకోదు.

మరి రైతు ఏటా ప్యాకెట్ ఎందుకు కొంటున్నాడు? గద్వాల వైపు విత్తనం కోసమే వేసే సీడ్ పత్తి చేలలో సాయంత్రం పూట నిలబడి చూస్తే అర్థమవుతుంది. మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని రేకలు, పుప్పొడి తిత్తులు గోటితో వలిచేస్తారు. పొద్దున్నే మగ వరసల్లోంచి పూలు కోసుకొచ్చి దానికి రుద్దుతారు. మొగ్గ మొగ్గకూ ఇదే పని. అలా రెండు వేర్వేరు రకాలను కలిపితే వచ్చిన గింజ హైబ్రిడ్. దాని పంటలోంచి గింజ తీసి మళ్లీ వేస్తే శుభ్రంగా మొలుస్తుంది. కానీ ఒక మొక్క ఏపుగా, పక్కది గిడసబారి ఉంటుంది. కొన్నింటిలో పురుగును చంపే బీటీ జన్యువే ఉండదు. జీఎంతో ఏ సంబంధమూ లేని హైబ్రిడ్ మొక్కజొన్న దాచుకున్నా జరిగేది ఇదే. అమెరికా, ఆస్ట్రేలియాల్లో బీటీ పత్తి, గింజ దాచి వేసినా అదే గుణంతో వచ్చే సూటి రకాల్లో వస్తుంటే మనకు మాత్రం దాదాపు అంతా హైబ్రిడ్లలోనే ఎందుకు అంటగట్టారన్నది అడగాల్సిన ప్రశ్న. మెసేజ్ దాని జోలికి పోదు.

ఇక విషం. బీటీ అంటే బాసిల్లస్ తురింజెన్సిస్, నేలలో ఉండే బాక్టీరియా. దాని జన్యువునే పత్తిలో చొప్పించారు. అది తయారుచేసే ప్రొటీన్ పని చేయాలంటే పురుగు పేగులో ఉన్నట్టు క్షార గుణం ఉండాలి, ఆ ప్రొటీన్‌ను పట్టుకునే గ్రాహకాలూ ఉండాలి. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ గ్రాహకాలు లేవు. సేంద్రియ రైతులు క్యాబేజీ మీద కొట్టే బీటీ పొడి కూడా ఈ బాక్టీరియాతో చేసిందే. 2006లో వరంగల్ జిల్లాలో గొర్రెలు చనిపోయిన మాట నిజం, కాపరులు నష్టపోయిన మాటా నిజం. అయితే జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ, అంటే జీఈఏసీ, బీటీని తప్పుబట్టలేదు. నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చంది. ఆ జవాబు స్వచ్ఛంద సంస్థలకు రుచించలేదు. కానీ అప్పటి నుంచి దేశమంతా పాడి పశువులు బీటీ పత్తి చెక్క తింటూనే ఉన్నాయి. ఆకులో అంత విషముంటే అది ఒక్క సీజన్‌తో ఆగేది కాదు.

పుచ్చకాయ, టమాటా, బొప్పాయిల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడూ మామూలు సంకరాలే. జీఎం బొప్పాయి ఉన్నది హవాయి, చైనా లాంటి చోట్ల, అనంతపురంలో కాదు. తమాషా ఏమిటంటే, నిజంగా మన దాకా వచ్చే జీఎం సరుకు ఈ జాబితాలోనే లేదు. పత్తి గింజల నూనె, దిగుమతయ్యే సోయా నూనె, కోళ్ల దాణా కోసం 2021లో కేంద్రం అనుమతించిన 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు కాబట్టి భయపడాల్సింది లేదు. డబ్బా మీద ఆ ముక్క రాయమని అడిగే హక్కు మాత్రం కొనేవాడికి ఉంది.

'అడిగే నాథుడు లేడు' అన్నది సగం తప్పు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నిబంధనలు 1989లోనే వచ్చాయి, బీటీ పత్తికి అనుమతి 2002లో. ఇప్పటికీ చట్టబద్ధంగా సాగయ్యే జీఎం పంట అదొక్కటే. బీటీ వంకాయను జీఈఏసీ ఒప్పుకున్నా, హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. జీఎం ఆవాలకు 2022లో జీఈఏసీ పచ్చజెండా ఊపింది. ఆ అనుమతిపై 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. విత్తన ధర మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్యాల నిరోధక కమిషన్ దాకా వెళ్లి, 1,800 రూపాయల దాకా ఉన్న 450 గ్రాముల ప్యాకెట్‌ను 750కి దింపించింది.

మిగతా సగం మాత్రం ముమ్మాటికీ నిజం, అదే నాకు కోపం తెప్పించేది. బీటీ పత్తి ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజలు విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ వరసల్లో వేస్తే పురుగులు కొన్ని అక్కడ బతికి, బీటీని తట్టుకునే పురుగులతో జతకట్టి, ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేస్తాయని లెక్క. చాలామంది ఆ చిన్న పొట్లాన్ని గట్టు మీదే వదిలేశారు. వేసిందీ లేనిదీ చూసేందుకు ఎవరూ చేను దాకా రాలేదు. కొన్ని ప్యాకెట్లలో కంది గింజలిచ్చారు. శనగపచ్చ పురుగుకు కంది ఆశ్రయమిస్తుంది, కానీ పత్తినే నమ్ముకున్న గులాబీ రంగు పురుగుకు దాంతో పనేముంది? 2010లో గుజరాత్‌లో ఆ పురుగు మొదటి బీటీని తట్టుకుందని మోన్‌శాంటోనే ఒప్పుకుంది. కొన్నేళ్లలో రెండు జన్యువులతో తర్వాత వచ్చిన బోల్‌గార్డ్-2 బీటీ పత్తి కూడా దాని ముందు చేతులెత్తేసింది. ఇవాళ పత్తి చేలో ఆ పురుగు సోకి విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు కనిపిస్తే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడు నాన్ బీటీ గింజలను ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు, అంతా అయ్యాక.

ఇంకొకటి గడ్డి మందును తట్టుకునే పత్తి. జీఈఏసీ దాన్ని సాగుకు ఎన్నడూ అనుమతించలేదు. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లు లేకుండా, లేబుల్ లేకుండా లూజుగా చేతులు మారుతోంది. పంట పోతే పరిహారం అడగడానికి చేతిలో రసీదు ముక్క ఉండదు. దాని మీద గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడుతున్నారని తెలిసి ప్రభుత్వాలు ఆ మందు అమ్మకాలపై ఆంక్షలు పెట్టాయి, కానీ గింజ మాత్రం ఆగలేదు.

ఈ మధ్య ఆ మెసేజ్‌కు కొత్త తోక తగిలించారు: 'మన సాంబ మసూరిని కూడా జీఎం చేసేశారు' అని. 2025 మేలో విడుదలైన కమల వరి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో తయారైంది. సాంబ మసూరి సొంత జన్యువునే ఒకచోట సవరించారు, బయటి జన్యువేదీ చొప్పించలేదు. కాబట్టి బీటీ పత్తితో ఒకే గాట కట్టడం కుదరదు. అయితే ఇలాంటి సవరణలు జీఈఏసీ గడప తొక్కక్కర్లేదని 2022 మార్చిలోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. గుడ్డి పూల దాకా వచ్చాక లెక్కలు అడిగేకన్నా, కమల క్షేత్ర పరీక్షల వివరాలు పూర్తిగా బయటపెట్టమని ఇప్పుడే అడగాలి.