ఎన్ని తప్పాయని అడగకండి

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షకు ప్రాక్టీస్ టెస్ట్ ముగించి పిల్లలు గదిలోంచి బయటికి రాగానే మన ఇళ్లలో ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎన్ని తప్పాయి?" వందకు తొంభై ఎనిమిది తెచ్చుకున్నా, ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయని నిలదీసిన చదువులు మనవి. కానీ 2024 మార్చి నుంచి అమెరికాలో శాట్ కంప్యూటర్ మీదికి మారింది. ఇప్పుడు తప్పుల లెక్క చూసి స్కోరు చెప్పడం కుదరదు. అందుకే ఆ ప్రశ్నే దండగ అంటాను.

ఈ పరీక్షలో ఇంగ్లిషు, గణితం రెండు విభాగాలు. ఒక్కో విభాగానికి రెండు మాడ్యూళ్లు, అంటే రెండు భాగాలు. గణితంలో ఒక్కో మాడ్యూల్‌కు 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. మొదటి మాడ్యూల్లో తేలికవీ కష్టమైనవీ కలిసి వస్తాయి. అది ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండో మాడ్యూల్ కష్టమైనది ఇవ్వాలా, తేలికైనది ఇవ్వాలా అన్నది యంత్రమే నిర్ణయిస్తుంది. తేలికైనది వచ్చినవారు అందులో అన్నీ సరిగ్గా రాసినా విభాగం పూర్తి స్కోరైన 800 దాకా వెళ్లలేరు.

ఇద్దరు పిల్లలకు గణితంలో పదేసి తప్పులు వచ్చాయనుకోండి. ఒక అమ్మాయికి మొదటి మాడ్యూల్లో రెండు, కష్టమైన రెండో మాడ్యూల్లో ఎనిమిది పోయాయి. ఒక అబ్బాయి మొదటి దాంట్లోనే పది పోగొట్టుకుని, తేలికైన రెండో మాడ్యూల్లో ఒక్కటీ తప్పలేదు. చివర్లో అన్నీ ఒప్పులే కనిపించినందుకు అబ్బాయి ఉత్సాహంగా ఉంటాడు, అమ్మాయి ముఖం వేలాడేసుకుని ఉంటుంది. ఎక్కువ స్కోరు మాత్రం అమ్మాయిదే. "రెండో మాడ్యూల్ చాలా కష్టంగా ఉంది" అని పిల్లలు వాపోతే చాలాసార్లు అది శుభవార్తే. మనం వెంటనే ట్యూషన్ మాస్టారికి ఫోను చేస్తాం!

స్కోరు కట్టేటప్పుడు ఏ ప్రశ్న ఎంత కష్టమైనదన్నది చూస్తారు. జవాబుల తీరు గుడ్డిగా ఊహించినట్టు ఉందా అన్నదీ లెక్కలోకి వస్తుంది. పైగా ప్రతి మాడ్యూల్లోనూ రెండు ప్రశ్నలకు అసలు మార్కులే ఉండవు, అవి భవిష్యత్ పరీక్షల కోసం పరీక్షించి చూసుకునేవి. అవి ఏవో రాసేవారికి తెలియదు. మనవాళ్లు రెండు రోజులు తలపట్టుకు కూర్చున్న ప్రశ్న వాటిలోదే కావచ్చు.

ఇక ప్రాక్టీస్ స్కోరును ఎంతవరకు నమ్మాలి? శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ వారి బ్లూబుక్ యాప్‌లో రాసిన టెస్టులు అసలు పరీక్షలాగే రెండో మాడ్యూల్ మారుస్తాయి. కాగితం మీద అచ్చు వేసుకునేవి మార్చవు, వాటి స్కోరును బ్లూబుక్ స్కోరుతో పోల్చకండి. కోచింగ్ సంస్థల టెస్టులది ఎవరి కొలబద్ద వారిది. మొదటిసారి తక్కువ చూపించి తర్వాత పెంచితే ఎవరికి లాభమో ఆలోచించండి.

ఎక్కువమంది మోసపోయేది పాత టెస్టును మళ్లీ రాసినప్పుడు. మొదటి మాడ్యూల్ ప్రశ్నలు గుర్తుంటాయి కాబట్టి కష్టమైన రెండో మాడ్యూల్ వచ్చేస్తుంది, స్కోరు ఎగబాకుతుంది. అందులో కొంత జ్ఞాపకశక్తి, కొంత ప్రతిభ. ఏది ఎంతో విడదీయలేం. కాలేజ్ బోర్డ్ ప్రశ్నల బ్యాంకులో సాధన చేసే పిల్లలదీ ఇదే చిక్కు. బ్లూబుక్ టెస్టుల్లో ఉన్న ప్రశ్నలను పక్కన పెట్టే సదుపాయం అక్కడ ఉంది, ముందు దాన్ని ఎంచుకోమనండి.

అసలు స్కోరు రిపోర్టులోనే అంకె పక్కన ఒక పరిధి చూపిస్తారు. అదే విద్యార్థి ఇంకో రోజు రాస్తే ఆ పరిధిలో ఎక్కడైనా తేలవచ్చు. అలాంటప్పుడు రెండు విభాగాల మొత్తం 1440 నుంచి 1420కి దిగిందని ఇల్లంతా మౌనవ్రతం పట్టడం దేనికి? రెండు మూడు టెస్టులు వరుసగా ఒకే వైపు కదిలితే పట్టించుకోవాలి. ఒకటి అటూ ఇటూ అయితే వదిలేయాలి.

స్కోరు చూసే బదులు మొదటి మాడ్యూల్ తెరిచి, తేలిక ప్రశ్నల్లో ఏవి పోయాయో పిల్లలతో కలిసి చూడండి. చదవడంలో తొందరా, లెక్క రాకా, సమయం చాలకా? తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఖాళీగా వదిలినవి ఉంటే అదీ అడగండి. ఇంతవరకు తాకని బ్లూబుక్ టెస్టు ఒకటి మాత్రం పరీక్షకు వారం పది రోజుల ముందు రాయడానికి దాచిపెట్టండి.