డబ్బా గోడకున్నది, తాళంచెవి సేఠ్ సొరుగుల ఉన్నది

గోడకు ఎర్ర ప్లస్సు గుర్తు ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఒకటి కొట్టేసి ఇగ మా పని అయిపోయింది అనుకునే మాలకులందరి గురించి ఈ పోస్ట్. మహారాష్ట్రల మా చంద్రపూర్ దిక్కు రాజురా, కోర్పనా, గడ్‌చందూర్, అటు వణి దాక పత్తి కెళ్లి గింజ తీసే జిన్నింగ్ మిల్లులల్ల మన తెలుగోళ్లు మస్తుమంది పనిచేస్తున్నరు, సీజన్‌కు ఆసిఫాబాద్ దిక్కు కెళ్లి వచ్చేటోళ్లు వేరే. జర పొడుగైతది, ఓపిక జేస్కొని చదువుండ్రి.

ఏ మిల్లుకు పోయి ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉన్నదా అని అడిగినా ఉన్నదనే అంటరు. అబద్ధం గాదు, ఉంటది. తెరిస్తే గదా తెలిసేది. ఎండిపోయిన బెటాడిన్ సీస, జిగురు పోయిన పట్టీలు, ఎవరో సగం మింగి పెట్టిన గోలీల అట్ట, బీడీ కట్ట, పోయినేడు బిల్లులు. అది గూడ తెరవనిస్తే. తాళంచెవి మాలకు, అదే సేఠ్, టేబుల్ సొరుగుల ఉంటది, సేఠ్ చంద్రపూర్‌ల ఉంటడు. తాళం ఎందుకయ్యా అంటే కూలోళ్లు మందులు ఎత్తుకపోతరట. ఏం ఎత్తుకపోతరు, పట్టీలా? లక్షల రూపాయల పత్తి బేళ్లు బయట పడి ఉంటయి, వాటికి లేని తాళం దీనికి.

మొన్నటి సీజన్‌ల ఒక మిల్లుల, పేరెందుకు లెండి, పత్తిని ఒత్తి బేల్ కట్టే ప్రెస్ దగ్గర బేల్‌కు తీగ బిగిస్తుంటే అది తెగి ఎగిరి ఒక పిలగాని ముంజేయి చీరేసింది. మనోళ్లు ఉరికొచ్చిండ్రు, పాపం అందరికీ చెయ్యాలనే ఉంటది గని ఏం జెయ్యాల్నో ఎవరికీ తెల్వది, ఒకాయన పక్క కుప్పల కెళ్లి పిడికెడు పత్తి తీసి గట్లనే గాయంల కుక్కిండు, దుమ్ముతోని ఆకు ముక్కలతోని, ఇంకొకాయన దాని మీద పసుపు పోసిండు. తర్వాత దవాఖానల నర్సమ్మ ఆ పోగులు చిమ్టాతోని ఒక్కొక్కటే పీకుతుంటే వాడు పెట్టిన బొబ్బలు తీగ తెగినప్పుడు గూడ పెట్టలే. మిల్లు నిండ పత్తి గుట్టలు, గాయం మీద పెట్టనీకి శుభ్రమైన గాజ్ ముక్క ఒక్కటి లేదు!

అయినా అక్కడ చెయ్యాల్సింది ఎంత? శుభ్రమైన గాజ్ పెట్టి అరచేత్తోని గట్టిగ ఒత్తి పట్టుకొనుడు, పది నిమిషాలు మధ్యల ఎత్తి చూడకుండ, చెయ్యి జర పైకి లేపి. నెత్తురు తడిసి బయటికొస్తే కిందిది పీకొద్దు, దాని మీదనే ఇంకోటి పెట్టాలె. ఇది నేర్వనీకి ఎంబీబీఎస్ అక్కర్లేదు గదా.

చట్టం లేక గాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లనే రాసిపెట్టిండ్రు: 150 మంది పనోళ్లకు ఒక డబ్బాకు తక్కువ ఉండొద్దు, పని నడిచినంతసేపు చేతికి అందాలె, అందుల చెప్పిన సామాన్ తప్ప వేరేది పెట్టొద్దు (బీడీ కట్ట గూడ వేరే సామానే), ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు దానికి బాధ్యుడు, ఆ మనిషి డ్యూటీ టైమ్‌ల అక్కడనే దొరకాలె. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి గదా, పాతది పోయింది అని తప్పించుకుందామంటే వాటిల గూడ డబ్బా ఉన్నది, పనివేళంతా అందుబాటుల ఉండాలనే మాట ఉన్నది. డబ్బా గురించి అందరు మాట్లాడతరు, డబ్బాకు ఒక మనిషి గావాలన్నది ఎవరూ పట్టించుకోరు. నా కొట్లాటంత దాని గురించే.

పాత లిస్టు చూసి కొని పెట్టినా తిప్పలే. కాంట్రాక్ట్ లేబర్ 1971 రూల్స్‌ల పాము కాటు కోసే చిన్న కత్తి ఒకటి, పొటాషియం పర్మాంగనేట్ పలుకులు ఒక సీస అని రాసిండ్రు. ఇయ్యాల ఏ డాక్టర్‌ను అడిగినా కాటు మీద కొయ్యొద్దు, తాడు బిగించొద్దు, మనిషిని కదలనియ్యకుండ దవాఖానకు తీస్కపోండ్రి అనే చెప్తడు. మరి ఆ కత్తి ఎవరిని కొయ్యనీకి?

జిన్ను నడిచే కాడ ఏం జరుగుతదో మనకు ఎరుకే. రోలర్ల పత్తి ఇరికితే మిషన్ ఆపకుండ చెయ్యి పెడతరు, వేలు పోతది. తెగిన వేలును సీదా ఐసుల వేస్తరు, అట్ల వెయ్యొద్దు, సెలైన్‌తోని తడిపిన గాజ్‌ల చుట్టి ప్లాస్టిక్ కవర్ల కట్టి ఆ కవర్‌ను ఐసుల పెట్టాలె. పత్తికి నిప్పంటుకుంటే కాలిన చోట పేస్టు, సిరా గాదు, 20 నిమిషాలు చల్లని నీళ్లు పారనియ్యాలె. కండ్లల్ల దుమ్ము కడగనీకి సెలైన్ సీసలు గావాలె. బల్లార్‌పూర్ దిక్కు బొగ్గు లోడింగ్ చేసేటోళ్లకైతే ఓఆర్‌ఎస్ లేకపోతే ఎట్ల, మే నెలల మా చంద్రపూర్ ఎండ 45 దాటుతది, ఎండదెబ్బకు సోయి తప్పినోని నోట్ల మాత్రం నీళ్లు పొయ్యొద్దు, ఒళ్లు తడపాలె. ఏ పనికి ఏ దెబ్బ తగుల్తదో డబ్బాల గదే ఉండాలె గని మెడికల్ షాపోడు అంటగట్టిన రెడీమేడ్ సెట్ గాదు.

108 ఉన్నది గదా అంటరు. ఉన్నది, ఫోన్ జెయ్యాల్సిందే, గని బండి మిల్లు గేటు కాడికి వచ్చేదాక ఒత్తి పట్టుకునేది మనమే గదా. వానకాలంల వర్ధా నది నీళ్లు రాజురా బ్రిడ్జి మీదికొస్తే ఇగ ఏం బండి.

సర్టిఫికెట్ మనిషి ఎక్కడ దొరుకుతడు అని మాలకుల బాధ. మేస్త్రీని పంపిస్తే రెండో సీజన్‌కు వేరే మిల్లుకు పోతడట. చాయ్ పోసే అక్కను పంపండ్రి మరి, ఆమె ఏండ్ల సంది ఆడనే ఉన్నది, షిఫ్ట్ మారినా ఉంటది, ఎవరికి బీపీ ఉన్నదో ఎవరికి షుగర్ ఉన్నదో లెక్కలు రాసే మునీమ్‌జీ కంటే ఆమెకే ఎక్కువ ఎరుక. నెలకు నూరో రెండొందలో ఎక్కువిచ్చి డబ్బా ఆమె చేతుల పెట్టుండ్రి, ఏది అయిపోయిందో ఆమెనే రాసి పెడతది.

సేఠ్ మొకం మీద చెప్పే ధైర్యం లేనోళ్లు ఈ పోస్ట్ మిల్లు గ్రూపుల పడేయండ్రి, నా పేరు తీసేసినా నాకేం ఫరక్ లేదు.