జెఫర్సన్‌కు ఈ రోజు టికెట్ ఇచ్చే పార్టీ ఏది?

ఏటా ఫిబ్రవరిలో, జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు దగ్గర పడగానే, అమెరికా సెనేట్‌లో ఒక సభ్యుడు లేచి నిలబడి ఆయన 1796 నాటి వీడ్కోలు సందేశాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతాడు. దాదాపు ముప్పావుగంట పడుతుంది. అయ్యాక నల్లటి తోలు అట్ట పుస్తకంలో సంతకం చేసి నాలుగు మాటలు రాస్తాడు. 1896 నుంచి నడుస్తున్న ఆనవాయితీ ఇది. పార్టీల పగ దేశాన్ని తినేస్తుందని హెచ్చరించిన ఆ సందేశాన్ని చదివే వంతును ఇప్పుడు రెండు పార్టీలూ ఒక ఏడాది నీకు, ఒక ఏడాది నాకు అని పంచుకుంటాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండే సందర్భం కదా, పాత ప్రశ్న మళ్లీ బయటికొచ్చింది. ఆ తొలితరం నేతలు ఇప్పుడుంటే డెమొక్రాట్లా, రిపబ్లికన్లా? నా జవాబు ఒక్కటే. రెండు పార్టీలూ వాళ్లను ఒక్క ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే లోపలి ఎన్నిక, కూడా దాటనివ్వవు.

విధానాల లెక్క తీస్తే అంతా కలగాపులగమే. కేంద్రానికి బలం ఉండాలని, జాతీయ బ్యాంకు కావాలని పట్టుబట్టిన తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్ స్వయంగా కరీబియన్ దీవుల నుంచి వచ్చిన వలస మనిషి. పౌరసత్వం కోసం ఆగాల్సిన 14 ఏళ్ల గడువును తగ్గించాలని, స్వాతంత్ర్య ప్రకటన రాసి తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ అంటే, దాని మీద విరుచుకుపడిందీ ఆయనే. జెఫర్సన్ ఏమో కేంద్రాన్ని కుదించాలి, అప్పులు తీర్చాలి అన్నాడు. అదే మనిషి మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలన్నాడు. డెమొక్రాట్లు ఎన్నో ఏళ్లు జెఫర్సన్-జాక్సన్ విందుల పేరుతో చందాలు పోగు చేశారు. 2015 నుంచి చాలా రాష్ట్రాల్లో ఆ పేరు తీసేశారు. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను తన కింద ఉంచుకున్న జెఫర్సన్ పేరు తీసేయడం తప్పని నేను అనను. తమ మూలపురుషుడని చెప్పుకున్న పార్టీలోనే ఆయనకు చోటు లేదంటున్నాను, అంతే.

అసలు కథ 1801 ఫిబ్రవరిది. అధ్యక్ష ఎన్నికలో జెఫర్సన్‌కూ, ఆయన పార్టీ ఉపాధ్యక్ష పదవికి నిలిపిన ఆరన్ బర్‌కూ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. తీర్పు ప్రతినిధుల సభకు వెళ్లింది. రాష్ట్రానికి ఒక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి. జెఫర్సన్ దగ్గర 8 ఉన్నాయి. బయట మంచు కురుస్తోంది. మేరీల్యాండ్ సభ్యుడు జోసెఫ్ నికల్సన్‌కు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆయన్ను మంచు మధ్యే సభకు మోసుకొచ్చి పక్క గదిలో పడుకోబెట్టారు. భార్య చెయ్యి పట్టుకుని రాయిస్తే జెఫర్సన్ పేరు రాశాడు. ఆ ఒక్క మనిషి లేకపోతే మేరీల్యాండ్ ఓటు బర్‌కు పోయేది. పార్టీ పట్టుదల అప్పుడూ ఉండేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అటువైపు ప్రత్యర్థి పార్టీ ఫెడరలిస్టుల్లో ఎక్కువ మంది, జెఫర్సన్ మీద కసితో, బర్ వైపు మొగ్గారు. ఆ పార్టీ పెద్ద తలకాయ హామిల్టన్ మాత్రం డెలావేర్ ఏకైక సభ్యుడు జేమ్స్ బేయర్డ్‌కు ఉత్తరం రాశాడు. జెఫర్సన్ కపటి అని అదే ఉత్తరంలో తిట్టాడు. అయినా బర్ కంటే అతనే నయం అన్నాడు. పదేళ్లుగా తనకు కంటిమీద కునుకు లేకుండా చేసిన ప్రత్యర్థి గెలవాలని కోరుకున్నాడు! చివరికి 36వ రౌండ్‌లో బేయర్డ్ బర్‌కు ఓటు వేయడం మానేసి ఖాళీ చీటీ వేశాడు. మరికొందరు ఫెడరలిస్టులూ తప్పుకున్నారు. 10 రాష్ట్రాలతో జెఫర్సన్ గెలిచాడు.

పార్టీల్ని పెట్టింది కూడా వీళ్లే కదా అని కొందరంటారు. నిజమే. పార్టీతో కలిసి వెళ్తేనే స్వర్గం దొరుకుతుందంటే ఆ స్వర్గమే వద్దని 1789లో రాసిన జెఫర్సన్, కొన్నేళ్లకే సహచరుడు మాడిసన్‌తో కలిసి పార్టీ కట్టాడు. బేయర్డ్ కూడా హామీలు అడిగాడన్న మాట ఉంది. కాకపోతే ఆనాటి పార్టీకి మనిషి బతుకును ముగించేంత శక్తి లేదు.

బేయర్డ్ సంగతే చూడండి. 1802లో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. 1804లోనే డెలావేర్ ఆయన్ను సెనేట్‌కు పంపింది. ఇప్పుడు ప్రతినిధుల సభలో వయోమింగ్ రిపబ్లికన్ సభ్యురాలిగా ఉన్న లిజ్ చేనీని చూడండి. 2021 జనవరిలో సొంత పార్టీ అధ్యక్షుడు ట్రంప్‌ను అభిశంసించాలని ఓటేసింది. ఆ మేలోనే సభలో పార్టీ పదవి ఊడింది. నవంబర్‌లో వయోమింగ్ పార్టీ శాఖ ఆమెను ఇక తమ మనిషిగా గుర్తించబోమని తీర్మానించింది. 2022 ప్రైమరీలో 30 శాతం ఓట్లు కూడా రాలేదు. డెమొక్రాట్లలో పార్టీ గీత దాటేవాళ్లకూ ఇదే ప్రైమరీ టెన్షన్. ఈ రోజు హామిల్టన్ అలాంటి ఉత్తరం రాస్తే సాయంత్రానికి అది అందరి ఫోన్లలో ఉంటుంది, మర్నాటికి ఆయన మీద పోటీకి మనిషి సిద్ధమవుతాడు.

అమెరికాలోని మనవాళ్ల గురించీ ఒక మాట చెప్పాలి. భోజనాల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో, ఆ మహానుభావులు మా పార్టీవాళ్లంటే మా పార్టీవాళ్లని కొట్టుకుంటున్నారు. వాషింగ్టన్ సంతకం చేసిన 1790 చట్టం పౌరసత్వాన్ని స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే ఇచ్చింది. ఆ మాటనే పట్టుకుని 1923లో అక్కడి సుప్రీంకోర్టు, పౌరసత్వం అడిగిన భారతీయుడు భగత్ సింగ్ థింద్‌కు, అంటే మనందరికీ, తలుపు వేసేసింది. ఆ తలుపు 1946లో తెరుచుకుంది. తెరిచిన చట్టానికి ఇద్దరి పేర్లున్నాయి: క్లేర్ బూత్ లూస్, ఇమాన్యుయెల్ సెల్లర్. ఆమె రిపబ్లికన్, ఆయన డెమొక్రాట్. మన డాక్టర్లకు, ఇంజినీర్లకు దారి వేసిన 1965 చట్టం కూడా రెండు పార్టీల ఓట్లతోనే గట్టెక్కింది.

కాబట్టి ఈసారి చందా అడగడానికి వచ్చిన అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: మీ పార్టీకి ఎదురు ఓటు ఎప్పుడు వేశారు, దేని మీద వేశారు? జవాబు విన్నాకే చెక్కు రాయండి.