గోడ కట్టించేదీ మున్సిపాలిటీయే, కొళాయి వేయించేదీ మున్సిపాలిటీయే

ఐరోపాలో 'జిప్సీలు' అని పిలిచే రోమాల పేరిట ఏటా ఏప్రిల్ 8న అంతర్జాతీయ రోమా దినం రాగానే మనవాళ్ల పోస్టులు మొదలవుతాయి: "వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లినవాళ్లు, మన బిడ్డలే!" 2016లో ఢిల్లీలో జరిగిన రోమా సదస్సులో సుష్మా స్వరాజ్ కూడా ఆ మాటే అన్నారు. సంతోషం. చుట్టరికం కలుపుకున్నాక వాళ్లు అక్కడ ఎలా బతుకుతున్నారో కూడా కనుక్కోవాలి కదా!

ఐరోపా సమాఖ్య దేశాల్లో రోమాలు దాదాపు 60 లక్షల మంది. ప్రణాళికలకు కొదవ లేదు. 2005 నుంచి 2015 దాకా 'రోమా దశాబ్దం' నడిపారు, 2011లో ఒక వ్యూహం, 2020లో ఇంకో పదేళ్లకు మరొకటి. తీరా 2021లో పది దేశాల్లో సర్వే చేస్తే, రోమాల్లో నూటికి 80 మంది పేదరికపు ముప్పులోనే తేలారు. నన్నడిగితే లోపం ఐరోపా సమాఖ్య కార్యాలయాలుండే బ్రస్సెల్స్‌లో కన్నా ఊరి కౌన్సిల్లోనే ఎక్కువ. కొళాయి, చెత్తబండి, ఇళ్ల స్థలం, ఏ పిల్లాడు ఏ బడికి వెళ్లాలి, ఇవన్నీ చాలావరకు తేలేది అక్కడే. అక్కడ కూర్చున్నవాళ్లకేమో రోమాలంటే గిట్టని పక్కవీధి ఓట్లు కావాలి.

చెక్ దేశంలోని ఉస్తీ నాద్ లాబెమ్ సంగతే చూడండి. మాతిచ్నీ వీధిలో రోమాలుండే ఇళ్లకూ ఎదురిళ్లకూ మధ్య 1999 అక్టోబరులో స్థానిక కౌన్సిల్ గోడ కట్టించింది. అడిగితే గోల వినపడకుండా అన్నారు! ప్రపంచమంతా దుమ్మెత్తిపోశాక నవంబరులో కూల్చారు. ప్రభుత్వం ఆ నగరానికి కోటి క్రౌన్లు (చెక్ దేశపు డబ్బు) ఇచ్చింది. అందులో కొంత డబ్బుతో, గోడ కావాలని అడిగినవాళ్ల ఇళ్లు కొన్నారు. ఫిర్యాదు చేసినవాడికి డబ్బు, గోడవతలివాడికి పాత వీధే.

రొమేనియాలోని క్లుజ్‌లో ఇంకా ఘోరం. 2010 డిసెంబరు 17న, గడ్డకట్టే చలిలో, కోస్టెయ్ వీధిలోని 76 కుటుంబాలను నగరపాలక సంస్థ ఖాళీ చేయించింది. కొందరికి పాటా రాట్ చెత్త డంపు పక్కన గదులిచ్చారు. ఒక్కో గదిలో ఒక కుటుంబం, నాలుగు గదులకు కలిపి ఒక బాత్రూమ్. అదే క్లుజ్ 2015లో ఐరోపా యువ రాజధాని. బిరుదులకేం తక్కువ!

"వాళ్లు పని చేయరు, పిల్లల్ని చదివించరు" అని కామెంట్లలో వస్తుందని తెలుసు. ఈ పాట మనకూ కొత్త కాదు. బ్రిటిష్‌వాళ్ల నేరస్థ తెగల చట్టం పేరుతో ఎరుకలవాళ్లను స్టూవర్టుపురంలో కాపలా పెట్టి ఉంచారు. చట్టం 1952లో పోయింది, వేసిన ముద్ర మాత్రం పోలేదు. చదువు సంగతంటారా, చెక్ నగరం ఓస్త్రావాలో రోమా పిల్లలు మందబుద్ధి పిల్లల బడుల్లో పడే అవకాశం మిగతావాళ్లకన్నా 27 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. అది వివక్షేనని ఐరోపా మానవ హక్కుల కోర్టు 2007లో తీర్పిచ్చింది. బడి తలుపు మూసేసి, చదవట్లేదని తిట్టడం ఏం న్యాయం?

ఇక పని. స్లొవేకియాలో స్పిష్స్కీ హ్ర్హోవ్ అని చిన్న ఊరు, పలకడానికే నోరు తిరగదు. జనంలో దాదాపు ఐదోవంతు రోమాలు. మేయర్ వ్లదిమీర్ లెదెట్స్కీ హయాంలో ఊరే ఒక కంపెనీ పెట్టి, ఏళ్ల తరబడి పని దొరకని రోమాలను తీసుకుంది. బయటి కాంట్రాక్టర్‌కు పోయే నిర్మాణ పనులు వాళ్లతోనే చేయించింది. జీతం ఊళ్లోనే ఖర్చయింది. రోమాల ఇళ్లను ఊరవతలకు నెట్టకుండా మిగతావాళ్ల మధ్యే కట్టుకోనిచ్చారు, పిల్లలందరిదీ ఒకే బడి.

దీనికి బ్రస్సెల్స్ నుంచి కొత్త వ్యూహం రావాల్సిన పని పడలేదు. ఓట్లు పోతాయని భయపడే మేయర్లకు ఇంకో సంగతి: లెదెట్స్కీ ఎన్నిక తర్వాత ఎన్నిక గెలుస్తూనే వచ్చాడు.