సంపు తవ్విన మట్టితో ఇల్లు

జనగామ దగ్గర మా ఊళ్లో తాతయ్య కట్టిన పెంకుటిల్లు పడగొట్టి, ఆ రెండొందల గజాల్లోనే కొత్త ఇల్లు కట్టాలనుకుంటోంది అమ్మ. సంపు కోసం తవ్విన మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, మిషన్‌తో నొక్కించి, ఆ ఇటుకలతోనే గోడలు లేపాలని, పర్యావరణానికీ అదే మంచిదని ఆమె పట్టు. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లు కట్టిస్తున్న మామయ్య ససేమిరా అంటున్నాడు. మొన్న ఆదివారం ఇద్దరూ వాదించుకున్నారు. నేను అమ్మ పక్షమే. అయినా మామయ్య మాటలు తగ్గించి రాయలేదు.

మామయ్య: అక్కా, డబ్బు నీది, ఇష్టం నీది. కానీ ఆ ముసురు రాత్రి మర్చిపోయావా? వెనక అర్ర గోడ కూలితే అమ్మ మనల్ని చెరో చేత్తో పట్టుకుని బడికి పరిగెత్తింది. ఇప్పటికీ వానాకాలం వస్తే చాలు, ఫలానా ఊళ్లో మట్టిగోడ కూలి ఇంతమంది పోయారని పేపర్లో చూస్తూనే ఉన్నాం.

అమ్మ: ఎట్లా మర్చిపోతానురా? తెల్లారి నాన్నతో కలిసి ఆ మట్టి ఎత్తిపోసింది నేనే. గోడ పైభాగం పొడిగానే ఉంది. మొదలు నాని కూలింది. రోడ్డు మీద రోడ్డు వేసి బజారు ఎత్తు పెంచేశారు, వాన నీళ్లన్నీ మన గోడ మొదట్లోనే నిలిచేవి. మూడు రోజులు నీళ్లలో నిలబెడితే ఏ గోడ ఆగుతుంది?

మామయ్య: మట్టి నీళ్లకు నానుతుంది. దీనికి వాదన ఎందుకు?

అమ్మ: పెరట్లోకి రా.

(పెరట్లో బకెట్ నీళ్లలో రెండు ఇటుకలు రాత్రి నుంచి మునిగి ఉన్నాయి. ఒకటి ఉత్త మట్టిది, అడుగున బురదై కుప్పపడింది. రెండోది ఏడు శాతం సిమెంటు కలిపి నొక్కింది, 28 రోజులు తడి గోనెసంచుల కింద ఉంచింది. మామయ్య దాన్ని బయటికి తీసి బొటనవేలి గోరుతో అంచు గీకాడు. గోటికి ఎర్రటి పొడి కొద్దిగా అంటింది, అంచు విరగలేదు. రెండు రాళ్ల మీద అడ్డంగా పెట్టి ఎక్కి నిలబడ్డాడు. ఇటుక అలాగే ఉంది. ఏమీ అనకుండా దిగాడు.)

మామయ్య: సిమెంటు కలిపాక ఇక పర్యావరణం మాటెందుకు?

అమ్మ: ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోందట. అందుకే తగ్గిద్దామంటున్నా, అసలే ముట్టనని ఒట్టు పెట్టుకోలేదు. ఈ ఇటుకకు బట్టీ వద్దు, బొగ్గు వద్దు, ఎక్కడి నుంచో లారీలో తోలే పని లేదు. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్లు 1970ల నుంచే దీని మీద పని చేశారు. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో సందర్శకుల కేంద్రం ఇలాంటి ఇటుకలతోనే కట్టారు. దీనికి ఐఎస్ 1725 అని మన దేశ ప్రమాణమే ఉంది. ఆ లెక్కన ల్యాబ్‌లో టెస్ట్ చేయించి, రిపోర్టు బ్యాంకు లోన్ కాగితాలతో పెడతా.

మామయ్య: ఆరోవిల్‌లో నేర్పే సంస్థ ఉంది. ఇక్కడ ఎవరున్నారు? మా మేస్త్రీలు సిమెంటు బ్రిక్ అయితే కళ్లు మూసుకుని పెడతారు. మట్టిలో బంక ఎక్కువైతే ఇటుక పగులుతుంది, ఇసుక ఎక్కువైతే రాలుతుంది. ఆ పాళ్లు ఎవరు చూస్తారు? పైగా నీ స్థలంలో వాయవ్యం మూల నల్లరేగడి తగిలింది. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే మట్టి అది. అది కలిసిందంటే నీ గోడ చేజేతులా పగలగొట్టుకున్నట్టే.

అమ్మ: ఈ ఆవకాయ సీసా చూడు. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి వదిలేశా. అడుగున ఇసుక, దాని పైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక. ఇటుకకు సగం దాకా ఇసుక, ఐదో వంతు బంక ఉంటే మంచిదంటారు. మనది మొరం, దాదాపు సరిపోయింది. పై అడుగు మట్టిలో వేర్లు, చెత్త ఉంటాయి కాబట్టి అది చెట్లకు పోస్తా. నల్లరేగడి కలపనే కలపను.

మామయ్య: ఒక్క సీసాతో సరిపోతుందా? గుంతలో మూడడుగులు కిందికి పోతే మట్టి మారుతుంది.

అమ్మ: మారిన ప్రతిచోటా సీసా పెడతా. బడికి వేసవి సెలవులే కదా.

(ఇక్కడ మాత్రం మామయ్య అన్నదే నిజమనిపించింది నాకు. ఈ పని మొత్తం ఆ సీసా ఓపిక మీదే ఆధారపడింది.)

మామయ్య: సరే, ఖర్చు చెప్పు. సగానికి సగం మిగులుతుందని నీ కూతురు వీడియోలు చూపించింది. అంతకుముందు కంటైనర్ ఇల్లంది, మే నెలలో ఆ ఇనుప డబ్బాలో ఎవరు పడుకుంటారు? ఖర్చులో గోడలు ఒక ముక్క మాత్రమే. పునాది, స్లాబ్, తలుపులు, కరెంటు, పైపులు, బండలు ఎక్కడికి పోతాయి?

అమ్మ: సగం మిగులుతుందని నేనూ నమ్మలేదు. రెండు పడగ్గదులు చాలనుకున్నా, అక్కడ మిగులుతుంది. బయట ప్లాస్టరు, పుట్టీ, పెయింటు ఉండవు. తాతల నాటి టేకు దర్వాజలే మళ్లీ పెడతా. స్లాబ్‌లో పాత మంగళూరు పెంకులు వేయిస్తా, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ కట్టినట్టు.

మామయ్య: స్లాబ్‌లో పెంకులా?

అమ్మ: స్లాబ్ కింది భాగంలో లాగుడంతా కడ్డీలే మోస్తాయి, అక్కడ కాంక్రీటు చాలావరకు బరువే కదా? కడ్డీలకూ కడ్డీలకూ మధ్య ఆ చోటు పెంకులతో నింపితే కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది.

మామయ్య: కాగితం మీద బాగుంటుంది. పెంకు జరిగి కడ్డీ పక్కన సందు పడితే నీళ్లు పట్టి తుప్పెక్కుతుంది. తుప్పు పట్టిన స్లాబులు నేను పగలగొట్టించా అక్కా, పెచ్చులు మనుషుల మీద పడతాయి. గోడల సంగతి ఆలోచిస్తా. రాతి బేస్‌మెంటు బజారుకన్నా మూడడుగుల ఎత్తుండాలి. చూరు రెండడుగులు బయటికి రావాలి. గోడల పైన చుట్టూ కడ్డీలు వేసిన కాంక్రీటు (ఆర్‌సీసీ) బెల్టు పడాలి. బాత్రూం గోడలు కాల్చిన ఇటుకతోనే. ఇందులో ఒక్కటి తగ్గినా నేను రాను.

అమ్మ: అన్నీ రాసుకున్నా. మొదటి మూడూ నేను అనుకున్నవే. బాత్రూం నీ మాట ప్రకారమే కానిద్దాం. పెంకుల స్లాబ్ ఒక్క వంటింటి మీద వేసి చూద్దామా?

మామయ్య: స్లాబ్‌కు ఒప్పుకోను. ముందు ఆ వాయవ్యం మూల రేగడి ఎంత లోతుందో చూడాలి. గడ్డపార ఏది?

అమ్మ: చీకటి పడుతోందిరా.

మామయ్య: టార్చి పట్టుకో.