పరీక్ష ఇద్దరికీ జరగాలి

గర్భిణి మొదటిసారి పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, షుగర్, సిఫిలిస్ పరీక్షలతో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. బిడ్డను కాపాడుకోవాలంటే అది అవసరమే. చికిత్స ఏదీ అందకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో మందులు మొదలుపెడితే దాన్ని 5 శాతం లోపునకు తేవచ్చు. అయితే ఆమె దాకా ఇంత శ్రద్ధగా వచ్చిన యంత్రాంగం భర్త దగ్గరికి వచ్చేసరికి చతికిలబడుతోంది. ఆయనకు కూలి పోతుందనో, లారీ మీద వెళ్లాడనో, పిలిచినా రాడనో సరిపెట్టుకుంటున్నారు. ఇంట్లో వైరస్ ఉందన్న సంగతి ముందుగా భార్య రక్తంలో బయటపడుతోంది. ముందు ఎవరికి తెలిస్తే వారే తెచ్చారని అత్తింటివారు తేల్చేస్తున్నారు. ఆయన ఆ పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదన్న మాట ఎవరికీ గుర్తుకు రాదు.

2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షల పైమాటే. వారిలో దాదాపు 44 శాతం మహిళలు. వయోజనుల్లో వ్యాప్తి దేశ సగటు 0.20 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44 శాతం. మన ప్రాంతంలో వివాహిత మహిళలకు ఇది ఎక్కువగా సోకుతున్నది కాపురంలోనే. శరీర నిర్మాణం రీత్యా కూడా పురుషుడి నుంచి స్త్రీకి సోకే ముప్పు ఎక్కువ. పైగా సుఖవ్యాధులు ఆడవారిలో చాలాసార్లు లక్షణాలు చూపకుండా ముదిరి, ఆ ముప్పును మరింత పెంచుతాయి.

కండోమ్ వాడమని చెబితే సరిపోతుందనుకునే అధికారులు మన ఇళ్ల తీరును ఒకసారి చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి ఆపరేషన్లు నామమాత్రమే. ఇద్దరు పిల్లలు పుట్టగానే, చాలాసార్లు పాతికేళ్లకే, భార్యకు ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో కండోమ్‌కు పనేముంది? అలాంటప్పుడు భార్య దాన్ని అడిగితే ‘నన్ను అనుమానిస్తున్నావా’ అని గాని, ‘నీకెందుకు అవసరమొచ్చింది’ అని గాని ఎదురుప్రశ్న తప్పదు. వద్దని చెప్పే దారీ లేదు. భార్య వయసు 18 దాటితే భర్త బలవంతాన్ని భారతీయ న్యాయ సంహిత ఇప్పటికీ అత్యాచారంగా పరిగణించడం లేదు. పిల్లలు వద్దనుకోవడానికి ఒక పద్ధతి, జబ్బు రాకుండా మరొక పద్ధతి అవసరమని ఆపరేషన్ రోజునే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పని దాదాపుగా ఎక్కడా జరగడం లేదు.

మేం కోరుతున్నది భర్తకు బలవంతపు పరీక్ష కాదు. సమ్మతి లేని పరీక్షను చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కోరేదల్లా, ఎవరి ఫలితమూ తెలియక ముందే, మొదటి గర్భిణి తనిఖీ నాడే, భర్తనూ పిలిచి ఇద్దరి రక్తాన్నీ ఒకేసారి తీసుకోవడం. ఇందుకు వారంలో ఒక సాయంత్రమో, ఆదివారమో ల్యాబ్ తెరిచి ఉంచాలి. పరీక్షకు భర్తను తీసుకురమ్మనే భారం భార్య మీద వేయకుండా ఏఎన్ఎం నేరుగా ఆయనకే చెప్పాలి. ఉపకేంద్రంలో వేలి చుక్కతో చేసేది ప్రాథమిక పరీక్ష మాత్రమే. ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రంలో, మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారించే దాకా ఎవరికీ ఏ మాటా చెప్పకూడదు. భార్యకు నెగెటివ్ వచ్చి, భర్త పరీక్షే చేయించుకోని చోట ఏడో నెల దాటాక ఆమెకు మరోసారి పరీక్ష చేయాలి. గర్భంతో ఉండగానో, పాలిచ్చేటప్పుడో కొత్తగా సోకితే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, బిడ్డకు ప్రమాదం అప్పుడే ఎక్కువ.

ఫలితం తెలిశాక ఆమెకు ఎదురయ్యే చిక్కులు వేరు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. అత్తవారి జిల్లాలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో నమోదైన గర్భిణి ఏడో నెలలో ఇంకో జిల్లాకు వెళ్లిపోతుంది. బదిలీ పత్రం చేతిలో లేకపోతే కాన్పు ముంగిట్లోనే మందులు తప్పిపోతాయి. నమోదు రోజునే ‘పురిటికి ఏ ఊరు వెళ్తావమ్మా’ అని అడిగి రాసుకుంటే తీరిపోయే సమస్య ఇది. మాత్రల సంగతి మరొకటి. హెచ్‌ఐవీకి రోజుకొకటి వేసుకునే, మూడు మందులు కలిసిన టీఎల్‌డీ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందును ఖాళీ కడుపున ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మింగితే ఒంటికి సరిగా పట్టదు. భోజనంతో పాటు అయితే కలిపి వేసుకోవచ్చు. లేదా వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. గర్భిణులందరికీ ఐరన్, కాల్షియం ఇస్తున్నాం కనుక ఈ ముక్క చెప్పకుండా సీసా చేతిలో పెట్టి పంపడం తప్పు. ఇంట్లోవాళ్ల కంట పడకుండా పప్పుడబ్బాలో సీసా దాచుకుని, అందరూ పడుకున్నాక మింగే మనిషికి ‘సమయం తప్పవద్దు’ అన్న సలహా ఒక్కటే చాలదు. ఆమె ఇంట్లో ఏ వేళ వీలవుతుందో కౌన్సెలర్ అడిగి తెలుసుకోవాలి.

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో మహిళల పక్షాన గట్టిగానే నిలిచింది. ఆమె ఫలితం భర్తకు చెబితే కొడతారని, వెళ్లగొడతారని సహేతుకమైన భయం ఉంటే వైద్యుడు గాని, కౌన్సెలర్ గాని చెప్పకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు, అక్కడి సౌకర్యాలన్నీ వాడుకునే హక్కు ఆమెకు ఉన్నాయి. భర్త పోయాక ‘నీకు జబ్బుంది, వెళ్లిపో’ అని గెంటేసే అత్తింటికి ఈ చట్టం అడ్డం నిలుస్తుంది. మధ్యంతర భరణం నిర్ణయించేటప్పుడు వైద్య ఖర్చులను కోర్టు లెక్కలోకి తీసుకోవాలి. కోరితే అసలు పేరు దాచి విచారణ జరపవచ్చు. ఆస్పత్రిలో చికిత్సకు నిరాకరిస్తే, ఇలాంటి ఫిర్యాదులు విచారించేందుకు ఈ చట్టం కింద ఉండే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో, అత్యవసరమైతే వీలైనంతవరకు 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వును కాదంటే జరిమానా ఉంది.

ఈ హక్కుల సంగతి తెలిసిన బాధితురాలు ఎక్కడో ఒకరు. హెల్ప్‌లైన్ 1097 నంబరు గోడల మీద కనిపించినంతగా అంబుడ్స్‌మన్ పేరు ఎక్కడా కనిపించదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ముందుగా ఆ పేరు, చిరునామా, ఫోన్ నంబరు ప్రతి ఐసీటీసీ, ఏఆర్‌టీ కేంద్రంలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఏ పీహెచ్‌సీలో ఎందరు గర్భిణులకు పరీక్ష జరిగిందో ప్రతినెలా లెక్క చూస్తున్న జిల్లా వైద్యాధికారులు, దాని పక్కనే వారి భర్తల్లో ఎందరికి జరిగిందో కూడా చూడాలి.